సిలిండర్లు: లేవు

ఇందుకూరుపేట దాటాక, ఎండిన రొయ్యల గుంట గట్టు మీద
నీలం పట్టా కింద పడుండేదది.
పట్టా లాగితే ముందు ఒక కోడి బయటికొచ్చింది,
తర్వాత ఎలకల కంపు,
ఆ తర్వాత పొట్టిగా, ఎర్రగా, నేలని కరుచుకొని
జపాను కారు.

"మూడు పంటలు వరసగా పండిన ఏడు
మద్రాసులో కొన్నానబయా" అన్నాడు మురహరి రెడ్డి.
మరుసటేడు తెల్లమచ్చ వచ్చింది.
ఏరేటర్ల గేరుబాక్సులు బాగుచేసిన బాకీ
అరవై మూడువేలు నాకు రావాలి.
దానిమీద ఇంకో ఎనభై వేసి తాళం తీసుకున్నా.
తాళానికి రొయ్యల మేత కంపెనీ బిళ్ళ ఉంది.
అది ఇప్పటికీ తియ్యలేదు.

ఆటోనగర్లో వారం రోజులు తిరునాళ్ళ.
బానెట్లో తలపెట్టి వెతికి
"ఇంజనేదబయా?" అన్నాడు టింకరింగ్ మస్తాన్.
నిజమే, చంకన పెట్టుకుపోయేటట్టుంది.
"పీకి పారెయ్. బొలేరోది ఎక్కిద్దాం.
డీజిలు. పిల్లనిచ్చేవాళ్ళు కూడా మెచ్చుకుంటారు."

ప్లగ్గు తీసి, కన్నం దగ్గర అరచెయ్యి పెట్టి తిప్పితే
ఒక గట్టి ఊపిరి, రెండు నీరసం.
మళ్ళీ ఒక గట్టిది, రెండు నీరసం.

ఆ రాత్రే విప్పాను.
మామూలు ఇంజను రోకలి. ఎత్తుతుంది, దంచుతుంది.
ఇది రుబ్బురోలు.
వేరుశెనక్కాయ చీల్చినట్టున్న గూట్లో
మూడు మూలల పొత్రం
వంకరగా, ఎక్కడా ఆగకుండా
గోడల్ని రాసుకుంటూ పొర్లుతుంది.

మూలకొక సీలు. ఒక్కో సీలు రెండు గదుల మధ్య గోడ.
ఒకటి విరిగితే రెండిళ్ళూ వీధిన పడతాయి.
మా అన్నా నేనూ లేతు షెడ్డు పంచుకున్నప్పుడు
ఇట్టాంటి గోడే ఒకటి...
వద్దులే, కారు సంగతి చెప్తున్నా.

కారం దోశలమ్మే షకీలక్కకి చూపిస్తే
"అంచు అరిగింది, పిండి పక్కకి కారతాంది" అనింది,
నేను తొమ్మిది రోజులు కనిపెట్టింది
అట్లకాడ కింద పెట్టకుండా.

సీళ్ళు ఒసాకా నుంచి నలభై రోజులకొచ్చాయి,
బలపమంత పొడవు,
వాటి ఖరీదు కన్నా సుంకం ఎక్కువ.
మే నెలకి భయపడి
ఐషర్ లారీ రేడియేటరు కోసి బిగించా.
మూతపడే దీపాల్లో కుడిది లేచింది, ఎడమది లేవలా.
పాత మారుతి వైపరు మోటారు పెట్టా.
ఇప్పుడు ఆ కన్ను కాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది,
మధ్యాన్నం నిద్రలేచిన మస్తాన్ మాదిరి.

బ్రేకు ఇన్స్పెక్టరు కాయితం తెరిచాడు.
"సిలిండర్లెన్ని?"
"లేవు సార్."
"లేకుండా ఎట్టా నడుస్తది?"
"రుబ్బుతాది సార్."
పెన్ను ఆగింది. బయటికొచ్చాడు,
టోపీ తీసి, ఒంగి, చానాసేపు విన్నాడు.
గడిలో అడ్డగీత గీశాడు.
నా బతుకులో ఏ సర్కారు కాయితం మీదా
అంత నిజం చూళ్ళేదు.

నూనె తాగుతుంది. అది జబ్బు కాదు, పుట్టుక.
పెట్రోలు సంగతి మా ఆవిడ నాగరత్నం దగ్గర ఎత్తొద్దు.
ఆరువేలు దాటిందాకా విసుగ్గా గొణుగుతుంది,
దాటాక ఒణుకు పోయి, సన్నగా, ఒకే దారంలా
ఎవరో పట్టుచీర చింపినట్టు...
కాదు, చింపినట్టు కాదు. నేసినట్టు.

ఒక్కటే చిక్కు.
చల్లగా ఉన్నప్పుడు రెండడుగులు కదిపి ఆపితే
పెట్రోల్లో మునిగి మళ్ళీ లేవదు.
వేడెక్కిందాకా తిప్పాల్సిందే.

నిన్న షెడ్డు ఊడవాలని పక్కకి తీశా.
బొగ్గు లారీలు దాటుకుంటా, దాటుకుంటా
ముత్తుకూరొచ్చింది.
పక్క సీట్లో చీపురు.